అరువు నాన్న

బడిలో బక్కపలచగా ఉండేదని ఆమెకి సూది అని పేరు పెట్టారు. పెద్దయ్యాక ఆమె బట్టలు సరిచేసే షాపు పెట్టుకుంది. పేరు ముందొచ్చి, పని దాన్ని వెతుక్కుంటూ తరవాత వచ్చిందని ఆమె స్నేహితురాలు పదిమందిలో చెప్పి నవ్వించేది. అసలు ఆ పేరు పెట్టింది ఆ స్నేహితురాలే. అందుకు బదులుగా సూది ఆమెకి రేడియో అని పెట్టింది. ఎందుకలా పెట్టావని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. రేడియోతో కాసేపు కూర్చుంటే అదే అర్థమైపోయేది.

చిన్నప్పుడు ఇద్దరివీ పక్కపక్క వాటాలు. రేడియో తండ్రి ఆమెకి ఊహ తెలియకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో, ఎందుకు వెళ్ళాడో తల్లి చెప్పేది కాదు. తల్లికి ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే పని, దానికి వేళాపాళా లేదు. అందుకని బడి వదలగానే రేడియో నేరుగా సూది వాళ్ళింటికే వచ్చేసేది. సూది తండ్రి సిటీ బస్సు డ్రైవరు. సెలవు రోజుల్లో పిల్లలిద్దరినీ డిపోకి తీసుకెళ్ళి, ఆగి ఉన్న బస్సులో స్టీరింగు ముందు వంతులవారీగా కూర్చోబెట్టేవాడు. డిపోలో ఎవరైనా అడిగితే "మా ఆడపిల్లలు" అనేవాడు. ఇది నాది, అది పక్కింటిది అని విడదీసి చెప్పేవాడు కాదు. రేడియో ఆయన్ని బాబాయ్ అని పిలిచేది.

ఏళ్ళు గడిచాయి. సూదికి లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌తో పెళ్ళయింది. తల్లి పోయాక తండ్రి ఆమె దగ్గరికే వచ్చేశాడు. రేడియో పెళ్ళి జోలికి పోలేదు. ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్ల కౌంటరు దగ్గర పని చేసింది. జనం ఫోన్లలోనే టికెట్లు కొనుక్కోవడం మొదలుపెట్టాక ఆ కౌంటరు ఎత్తేశారు. అప్పటినుంచి ఆమె నోరు మూతపడింది. షాపుకి వచ్చేది, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని దారపుండలు రంగుల వారీగా సర్దేది, వెళ్ళిపోయేది. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి మాట్లాడకపోతే గది ఎంత పెద్దదైపోతుందో సూదికి అప్పుడే తెలిసింది.

అందుకే ఒకరోజు పొద్దున రేడియో ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడుతూ షాపులోకి అడుగుపెట్టేసరికి, ఏం చెబుతోందో వినకముందే సూదికి ప్రాణం లేచొచ్చింది.

రేడియో కత్తిరింపుల బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. "మూత తియ్యి."

సూది తీసి, లోపలి పొడి వాసన చూసింది. "గడ్డి వాసనొస్తోంది."

"గడ్డి కాదే, ఆరోగ్యం. షాపుల్లో దొరకదు. మనుషులే మనుషులకి అమ్మాలి. కంపెనీకీ ఇంటికీ మధ్య ఉండేది మనమే. నువ్వూ నేనూ పార్ట్‌నర్స్. ఒక్క సభ్యత్వం మీద ఇద్దరు చేరొచ్చట, కాకపోతే ఒకే ఇంటివాళ్ళయి ఉండాలట. అక్కాచెల్లెళ్ళమని రాసేశా."

"అబద్ధం ఎందుకు రాశావు?"

"ఇందులో అబద్ధమేముంది?" అంది రేడియో, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఆ మాటకి సూది మెత్తబడిపోయింది. చిరిగిన బట్ట కుట్టించుకునే బదులు పారేసి కొత్తది కొనుక్కునే రోజులొచ్చాయి, షాపులో పని తగ్గింది, అదీ నిజమే. కానీ ఆమె చేరింది అందుకు కాదు. రేడియో మళ్ళీ మోగుతోంది, అది చాలనుకుని సంతకం పెట్టింది.

పని ఇద్దరూ పంచుకున్నారు. మనుషుల్ని తేవడం సూది వంతు, మాట్లాడటం రేడియో వంతు. సూది దగ్గర కొలతలిచ్చుకున్నవాళ్ళు ఆమెని నమ్ముతారు. ఎవరి నడుము ఎంత పెరిగిందో, ఎవరి భుజం ఒంగిందో ఆమెకి తెలుసు, తెలిసినట్టు ఎక్కడా అనదు. వాళ్ళ ఇళ్ళలో చిన్న చిన్న మీటింగులు పెట్టేవాళ్ళు. రేడియో నీళ్ళ సీసాలో పొడి వేసి, మూత బిగించి, గిలక్కాయలా ఊపుతూ కబుర్లు మొదలుపెట్టేది. ముందు వాళ్ళ నొప్పులు అడిగేది. మోకాళ్ళు, నడుము, నిద్ర, షుగరు. ఎవరిది వాళ్ళు చెప్పుకుంటుంటే అడ్డు రాకుండా వినేది. జీవితంలో మొట్టమొదటిసారి రేడియో వినడం నేర్చుకుందని సూది ముచ్చటపడింది.

సూది ఆ మీటింగుల్లో ఒక్క వాక్యమే మాట్లాడేది. "పొడి తాగండి, మందులు మాత్రం మానొద్దు." ఆమె షాపుకి ఆనుకునే మందుల షాపు ఉంది. డబ్బాని చూసిన మొదటిరోజే మందుల షాపాయన ఆ మాట చెప్పాడు. అది ఆమెకి సబబుగా తోచి, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా సూది మాట్లాడేది ఒకే ఒక్క ముక్క. అది కూడా మందుల షాపు తరఫున," అనేది రేడియో. అందరూ నవ్వేవాళ్ళు. సూది కూడా నవ్వేది.

ఆ రోజులు బాగుండేవి. డబ్బాల సంచులు మోసుకుంటూ బస్సుల్లో తిరిగేవాళ్ళు. ఒకసారి రేడియో టికెట్టు తీసుకోబోయి కండక్టరు నడుంనొప్పి గురించి విని, దిగేలోపు ఆయనకి డబ్బా అంటగట్టింది. టికెట్టు తీసుకోవడం మరిచిపోయింది. దిగాక ఇద్దరూ బస్‌స్టాపులో కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సూది తండ్రి కూడా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, "నా సర్వీసులో ఇలాంటి ప్రయాణికురాలు ఒక్కత్తీ తగల్లేదు, నా అదృష్టం," అన్నాడు.

కంపెనీలో వాళ్ళకి పైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. అక్కడ స్థాయిలకి రత్నాల పేర్లు పెట్టారు, అందుకని అందరూ ఆయన్ని డైమండ్ సార్ అనేవాళ్ళు. ఆయన ప్రతి మీటింగులో చెప్పే మాట ఒకటే. "పొడి అమ్మకండి. కథ అమ్మండి. మీ ఇంట్లో జరిగిన కథ. మీ రక్తసంబంధం మీద జరిగిన కథ." కథ ఉన్నవాళ్ళు చకచకా పైకి వెళ్ళిపోతున్నారు. రేడియోకి చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. తల్లి ఎప్పుడో పోయింది.

"నీకేమే, బాబాయ్ ఉన్నాడు," అంది ఒకసారి బస్సులో. "ఆయన షుగరు తగ్గిందని చెప్పొచ్చుగా."

"ఆయన మందులు వేసుకుంటున్నాడు. తగ్గితే అది మందులవల్ల. ఏమని చెప్పను?"

రేడియో కిటికీ వైపు తిరిగింది.

తండ్రి పొడి తాగుతున్న మాట నిజమే. సూదే ఇచ్చింది. ఆయనకి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. మాత్రల విషయంలో ఆయన ఒకరి చేత చెప్పించుకునే మనిషి కాదు. బస్సు టైముకి తీసినట్టే టైముకి వేసుకునేవాడు. డబ్బాలో మాత్రలు రోజూ తగ్గుతుండేవి, అందుకని సూది అడిగేది కాదు. ఈమధ్య పేపరు తను చదవడం మానేసి అల్లుడి చేత చదివించుకుంటున్నాడని మాత్రం గమనించింది. అద్దాలు మార్చాలేమో అనుకుంది. కంపెనీ వార్షికోత్సవం అయిపోగానే కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకుంది.

ఆ వార్షికోత్సవంలో రేడియోకి వేదిక మీద మాట్లాడే అవకాశం వచ్చింది. ఇద్దరికీ ఒకేలా ఉండే ముదురు నీలం కోట్లు కుట్టమని ఆమె సూదిని అడిగింది. సూది మనసు పెట్టి కుట్టింది. రేడియో కోటుకి లోపలి గుడ్డ ఖరీదైనది వేసి, తనదానికి మామూలుది వేసుకుంది. వేదిక ఎక్కేది రేడియోనే కదా.

హాలు పెళ్ళిమండపమంత ఉంది. సూదిని రెండో వరసలో కూర్చోబెట్టారు. పేరు పిలవగానే రేడియో మైకు దగ్గరికి వచ్చి, ఒక్క క్షణం తల వంచుకుని నిలబడింది.

"నేనివాళ పొడి గురించి మాట్లాడను," అంది. "మా నాన్న గురించి మాట్లాడతాను."

ఇన్నేళ్ళలో రేడియో తన తండ్రి ప్రస్తావన తెచ్చింది లేదు. పాపం, ఇంతమంది ముందు ఎలా చెబుతుందో అని చేతిరుమాలు తీసి పట్టుకుంది.

వెనక తెర వెలిగింది. తెర మీద సూది తండ్రి కనిపించాడు.

వాళ్ళింటి బాల్కనీలో, ఆయన ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, గళ్ళ చొక్కా వేసుకుని ఉన్నాడు. ఆ కాలరు తిరగేసి కుట్టింది సూదే. తను షాపులో ఉన్న సమయంలో ఎవరో ఇంటికొచ్చి ఇది తీశారని ఆమెకి అర్థమయ్యేలోపే ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. "బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యానండి. ఇదివరకు పొద్దున లేస్తే గుప్పెడు మాత్రలు. ఇప్పుడు ఒక్కటీ లేదు. మానేశాను. హాయిగా ఉంది."

వీడియోలోనే, కెమెరా వెనకనుంచి రేడియో గొంతు వినిపించింది. "ఎవరు మాన్పించారు నాన్నా?"

ఆయన కెమెరా వైపు చూసి, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "మా అమ్మాయి."

హాలంతా చప్పట్లు. వేదిక మీద రేడియో కళ్ళు తుడుచుకుంటోంది. సూది పక్కన కూర్చున్నావిడ "ఎంత అదృష్టవంతురాలో చూడండి, అలాంటి కూతురుండాలి," అంది. సూది లేచింది. మోకాళ్ళు తగులుతున్నా తప్పుకోమని అనకుండా వరసలోంచి బయటపడింది. ఆమె వెళ్ళడం రేడియో చూసింది. మాట మాత్రం ఆపలేదు.

సూది ఇల్లు చేరేసరికి తండ్రి బాల్కనీలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. ఒకే బూటుకి రెండు చోట్ల నలుపు, మధ్యలో వదిలేసిన మచ్చ. అడుగుల చప్పుడుకి తలెత్తాడు.

"అప్పుడే అయిపోయిందా? చూపించారా నన్ను?" ఆయన మొహం వెలిగిపోతోంది.

"మాత్రలు మానేశావా నాన్నా?"

"మానేశాగా. ఎప్పుడో."

"మాత్రల డబ్బాలో రోజూ తగ్గుతున్నాయిగా."

ఆయన చేత్తో కుండీలోని మొక్కని చూపించాడు. "దానికేసేవాణ్ణి. నువ్వు సభలోనే చూడాలి, ముందు తెలియకూడదని రేడియో అంది."

"అది అన్నంతమాత్రాన నువ్వెలా మానేశావు? మానొద్దని నేను ఊరంతా మొత్తుకుంటున్నానే."

"అది అంటే మానతానా?" అన్నాడు ఆయన, కాస్త నొచ్చుకుని. "నువ్వు కావాలనుకున్నావని మానాను."

"నేనా?"

"నోటితో అనలేదులే. నీకు మొహమాటమట. సొంత తండ్రిని ఎలా అడుగుతుంది బాబాయ్, లోపల మాత్రం ఎంతో ఆశపడుతోంది, నువ్వు మానేసి బాగున్నానని ఒక్క మాట చెబితే మాకిద్దరికీ జీవితం నిలబడుతుంది, దాని ముందు మాత్రం ఎత్తకు, బాధపడుతుంది అంది. నిన్ను చిన్నప్పటినుంచీ చూస్తున్నానుగా, నువ్వు నోరు తెరిచి ఏదీ అడగవు. నిజమేననిపించింది. నేను నీకు పెద్దగా ఇచ్చిందేముంది తల్లీ. ఇదైనా చేద్దామనుకున్నాను."

సూది తలుపు ఫ్రేముని పట్టుకుని నిలబడింది. తెర మీద ఆయన "మా అమ్మాయి" అన్నది తననేనని అప్పుడు తెలిసింది.

కోటు కూడా విప్పకుండా ఆయన్ని మందుల షాపాయన దగ్గరికి నడిపించుకెళ్ళింది. షాపాయన తండ్రి వేలు గుచ్చి, షుగరు మెషీనులో అంకె చూశాడు. ఇంకో వేలు గుచ్చాడు. రెండోసారి కూడా చూసి, "ఆటో పిలవండి," అన్నాడు.

ఆస్పత్రిలో షుగరు అదుపులోకి రావడానికి కొన్ని రోజులు పట్టింది. ఈలోపు కళ్ళు పరీక్ష చేశారు. ఎడమ కంటి వెనక రక్తం చిమ్మి ఉంది. ఇంజెక్షన్లు ఇచ్చారు, లేజరు పెట్టారు. ఆ కన్ను నిలవలేదు. కుడి కంటిని కాపాడగలమన్నారు.

"మందులు మానడంవల్లేనా?" అని సూది డాక్టరుని అడిగింది.

"కొంత పాతదే ఉందమ్మా," అంది ఆవిడ. "ఈ నెలల్లో ఎంత పెరిగిందో కచ్చితంగా చెప్పలేను. మానకుండా ఉంటే ఇంత త్వరగా ఇక్కడిదాకా వచ్చేది కాదేమో. ఆయన చూపు మసకబారిందని ఎవరికీ చెప్పలేదా?"

చెప్పలేదు. చెబితే పొడి పనిచెయ్యలేదని తేలుతుంది, కూతురికి చెడ్డపేరు వస్తుందని ఊరుకున్నాడు. ఆ మాట ఆయన అల్లుడితో అన్నాడు. అల్లుడు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని సూదికి చెప్పి, తనూ తల పట్టుకున్నాడు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం రేడియో ఫోను చేసింది. "ఎక్కడికెళ్ళిపోయావే, ఫొటోలకి నువ్వు లేవు," అంది. సూది "నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు," అని పెట్టేసింది. ఆ తరవాత రేడియో ఫోను చెయ్యలేదు, ఆస్పత్రి గడప తొక్కలేదు. తండ్రిని ఇంటికి తెచ్చాక, సూది షాపు తెరిచిన మొదటి రోజున వచ్చింది.

అప్పుడు ట్రయల్ కర్టెను వెనక ఒకాయన ఉన్నాడు. పొడుగు తగ్గించడానికి ప్యాంటు విప్పి ఇచ్చి, అది తయారయ్యేదాకా లోపల నిలబడ్డాడు. సూది మిషను ఆపలేదు.

"బాబాయ్‌కెలా ఉంది?"

"ఎడమ కన్ను పోయింది."

"పూర్తిగానా?"

"వెలుతురు తెలుస్తుంది. మనిషి తెలియడు."

రేడియో స్టూలు మీద కూలబడింది.

"మానెయ్యమని నేననలేదే," అంది. "ఒట్టు. మానేసి బాగున్నవాళ్ళు ఉన్నారని చెప్పాను, అంతే."

"నాకు మొహమాటమని చెప్పావు."

రేడియో ఒక దారపుండ తీసి చేతిలో తిప్పింది.

"నా నోట్లోంచి రాని మాట నా పేరు పెట్టి ఆయనకి చేరేశావు. ఇంకెవరు చెప్పినా మానేవాడు కాదు. అది నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే..." అని రేడియో ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక వాక్యం సగంలో ఆపడం సూది అప్పుడే చూసింది.

సూది మిషను మీదనుంచి చెయ్యి తీసింది. "పోయి వాళ్ళకి చెప్పు. ఆ వీడియో తీసేయించు."

"అది కంపెనీది. నా చేతిలో లేదు."

"అడిగావా?"

"అడిగితే అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. ఇప్పుడిప్పుడే పైకొచ్చాను. ఉన్నదంతా పోతుంది." ఆమె సంచీ దగ్గరికి లాక్కుంది. "నీకు షాపుంది, మొగుడున్నాడు, బాబాయ్ ఉన్నాడు. నాకిదొక్కటే ఉందే."

"బాబాయ్ నీకు లేడా?"

రేడియో లేచి నిలబడింది. ఆ నీలం కోటే వేసుకుని ఉంది. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బాబాయ్ ఉన్న ఇంటి వైపు కాదు, బస్‌స్టాపు వైపు.

కర్టెను వెనకనుంచి ఆయన మెల్లగా దగ్గాడు. "అమ్మా, ప్యాంటిస్తే వెళ్ళిపోతాను." సూది ఇచ్చింది. డబ్బులు తీసుకోవడం ఇద్దరికీ గుర్తు రాలేదు.

మర్నాటినుంచి ఆమె పొడి కొన్న ఇళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టింది. మీటింగులు పెట్టిన ఇళ్ళే, అవే తలుపులు. లోపలికి వెళ్ళి కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడి, తన తండ్రి సంగతి చెప్పి, మందులు మానొద్దని చెప్పేది. బడి వ్యాను నడిపే ఆయన ఇంట్లో ఆయన భార్య తలుపు తీసింది.

"అదేంటి? మీరు మానెయ్యమన్నారనేగా మానేశాడు," అంది ఆవిడ.

"నేనెప్పుడూ అనలేదండి. మీ ముందే చెప్పాను, మానొద్దని."

"అవును, ఆ రోజు అలాగే అన్నారు. తరవాత వారం మీ చెల్లెలు ఒక్కతే వచ్చింది. మందుల షాపు పక్కనే కొట్టు కాబట్టి అక్క అందరిలో అలా అనక తప్పదు, లోపల తనదీ ఇదే మాట, వాళ్ళ నాన్న చేత కూడా మాన్పించింది అని చెప్పింది." ఆవిడ సూదిని ఎగాదిగా చూసింది. "ఆవిడ మాటకారి, ఆవిణ్ణి చూసి కొనలేదమ్మా. మీ మొహం చూసి కొన్నాం."

తను చెప్పిన ఆ ఒక్క ముక్కని కూడా రేడియో వదల్లేదు. ఈమె నిజాయితీగా మాట్లాడుతుందని జనం నమ్మేవాళ్ళు, ఆ నమ్మకాన్ని వారం తిరగ్గానే రేడియో వెళ్ళి వాడుకునేది. ఒక ఇల్లు కాదు. తిరిగిన కొద్దీ ఇంకొన్ని తేలాయి. కొందరు తిట్టారు. కొందరు తలుపు వేసేశారు. వ్యాను డ్రైవరు మాత్రం మర్నాడు మందుల షాపు దగ్గర కనిపించి, ఆమెని చూడనట్టే మాత్రలు తీసుకుని వెళ్ళాడు. చూడకపోతే పోనీ, మాత్రలు తీసుకున్నాడు కదా అనుకుంది.

ఆమె కంపెనీకి వెళ్ళి సభ్యత్వంలోంచి పేరు తీసెయ్యమంది. డైమండ్ సార్ ఆమెని కూర్చోమని కూడా అనలేదు. "ఫ్యామిలీ గొడవలు మా దగ్గరికి తీసుకురాకండమ్మా. మీ చెల్లెలు ఎదుగుతుంటే మీకు కష్టంగా ఉండొచ్చు," అన్నాడు. అక్కాచెల్లెళ్ళం కామని ఆమె చెప్పింది. అలాగైతే మొదట్లో సంతకం ఎందుకు పెట్టారని ఆయన అడిగాడు. ఆమె సంచీ తీసుకుని బయటికి వచ్చేసింది.

తరవాత రేడియో వేరే ఊరికి మారిపోయిందని, అక్కడ పెద్ద హాళ్ళలో మాట్లాడుతోందని తెలిసింది. షాపు మెల్లగా మళ్ళీ గాడిన పడింది. వెళ్ళిపోయిన గిరాకీలో సగం తిరిగొచ్చింది.

ఏడాది దాటాక ఒక మధ్యాహ్నం ఆస్పత్రి యూనిఫాం వేసుకున్న అమ్మాయి జిప్పు వేయించుకోవడానికి వచ్చింది. జిప్పు వేస్తున్నంతసేపూ సూదితో కబుర్లు పెట్టుకుంది. మోకాళ్ళ గురించి అడిగింది, నిద్ర పడుతుందా అని అడిగింది. ఆ వరస సూదికి తెలుసు. తల ఎత్తకుండానే "పొడి అమ్ముతున్నావా?" అంది.

అమ్మాయి తెల్లబోయి, తరవాత నవ్వేసింది. "ఇప్పుడే చేరానక్కా. ఒక్కసారి ఇది చూడండి. మా పై లీడరు గారి నాన్నగారు. ఈ వయసులో ఒక్క మాత్ర లేకుండా రోజూ వాకింగ్‌కి వెళ్తారట," అని ఫోను చేతికిచ్చింది.

గళ్ళ చొక్కాలో తండ్రి సిగ్గుగా నవ్వుతున్నాడు. రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి.

సూది చివరిదాకా చూసింది. లేచి షట్టరు సగం దించింది. "రా. ఆయన్ని చూపిస్తాను."

అమ్మాయికి అర్థం కాలేదు, అయినా వెంట వచ్చింది. తండ్రి బాల్కనీలోనే ఉన్నాడు. ఎవరో వచ్చారని తెలిసి మొహం పక్కకి తిప్పి, కుడి కంటితో చూశాడు. అమ్మాయి ఆయన్ని చూసింది, కుర్చీని చూసింది, చేతిలోని ఫోను వైపు చూసుకుంది. ఆయనే ఫోను అడిగి తీసుకుని, మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని తన వీడియో తను చూశాడు.

"మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా అమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మకుందండి."

"మాత్రలు వేసుకుంటోందా?"

అమ్మాయి నేల చూసింది.

"ఇంటికెళ్ళగానే వెయ్యి. మిగతావి తరవాత చూసుకోవచ్చు," అని ఫోను తిరిగిచ్చేశాడు. అమ్మాయి మెట్లు దిగుతూనే ఎవరికో ఫోను చేస్తోంది. తల్లికో, లీడరుకో సూదికి వినిపించలేదు.

ఆమె కంటి చుక్కల సీసా తెచ్చి, తండ్రి తలని వెనక్కి వాల్చింది.

"ఒక సంగతి చెప్పనా," అన్నాడు ఆయన, కళ్ళు తెరిచి ఉంచి. "చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలిచింది అది. ఈ వీడియో తీసిన రోజు నాన్నా అంది. నేను ఎంత మురిసిపోయానో. కెమెరా కోసం అంటోందని తట్టలేదే నాకు."

సూది కుడి కంట్లో ఒక చుక్క వేసింది. "మూసుకో నాన్నా," అంది.